పసుపు రంగుకి వచ్చేవాళ్లు

సీతాకోకచిలుక రాయి చుట్టూ తిరగడం నేను మొన్న వేసవిలో చూశాను. నూజివీడు దాటి విస్సన్నపేట వెళ్లే రోడ్డు పక్కన ఒకప్పుడు మా నాన్న కౌలుకి చేసిన మామిడితోట ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్లు వేశారు. మా తమ్ముడి కొడుకు అందులో ఒకటి కొంటానని, "అత్తా, నువ్వోసారి చూసి చెప్పు" అంటూ నన్ను కారులో తీసుకెళ్లాడు. చూసి చెప్పడానికి ఏముందక్కడ? ఎర్రమట్టి, దుమ్ము, వరసగా పాతిన హద్దురాళ్లు. ఒక్కో రాయి నెత్తికి పసుపు పెయింటు. వాడు తూర్పు ముఖమా ఉత్తరం ముఖమా అని ఫోనులో తేల్చుకుంటుంటే నేను కొంగు నెత్తిన వేసుకుని నిలబడ్డాను. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దదైన పసుపు సీతాకోకచిలుక ఒకటి నేలబారుగా ఎగురుతూ వచ్చి ఒక రాయి దగ్గర ఆగింది. చుట్టూ తిరిగింది, పెయింటుని తాకింది, ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి తగ్గి పక్క రాయి దగ్గరికి వెళ్లింది. అక్కడా అంతే. అది మగదని నాకు తెలుసు. దేని కోసం తిరుగుతోందో కూడా తెలుసు. ఆ తర్వాత నా కాళ్లు ఒక్కచోట నిలవలేదు. మావాడు ఎండ దెబ్బ తగిలిందేమోనని కంగారుపడి నన్ను కారులో కూర్చోబెట్టాడు.

నా కాళ్లు ఒకచోట నిలవకపోవడం కొత్తేమీ కాదు. "నీ కాళ్లల్లో చక్రాలున్నాయే" అని మా నాయనమ్మ రోజూ తిట్టేది. నూజివీడులో మా ఇల్లు వేసవి వస్తే ఇల్లులా ఉండేది కాదు. ముందుగదిలో మోకాలెత్తున వరిగడ్డి, గడ్డిలో మాగుతున్న కాయలు, వాటి మీద గోనెపట్టాలు. అన్నం తింటున్నా, తల దువ్వుకుంటున్నా, ఉతికిన బట్టలు మడత పెడుతున్నా అదే వాసన. నాన్న మామిడి వ్యాపారి. ఆయనది చూపు. తోటలో చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి, వక్కపొడి నములుతూ ఒక్క చుట్టు తిరిగి వచ్చేవాడు. అంతే, తోట కాపు ఎంతో ఆయన కళ్లల్లో పడిపోయేది. నాయనమ్మ మాత్రం చూపుని నమ్మేది కాదు. గడ్డిలోంచి కాయ తీసి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, ఈ గంపలోకో ఆ గంపలోకో వేసేది. "కంటికి నచ్చితే చేతిలోకి తీసుకోరా. తీసుకున్నాక ముక్కునడుగు" అని నాన్నతో వాదించేది. ఇద్దరూ ప్రతి ఏడూ అదే వాదన, అదే గొంతుతో. నాకు విసుగొచ్చేది. ఆ ఇంట్లో అందరికీ ఏది ఎప్పుడు చెయ్యాలో తెలుసు, నాకు తప్ప. బి.ఎస్సీ చదువుతున్నాను. అది అయ్యాక ఏంటి? అడిగితే అమ్మ నా మొహానికి ఇంకాస్త పౌడరు రాసేది.

నాకున్న ఊరట రూతు. నా క్లాసులోనే చదివేది. వాళ్ల నాన్నగారు జి. కొండూరు వైపు ఒక పల్లెలో బడిపంతులు, ఆదివారం చర్చిలో పాటలకు హార్మోనియం వాయించేవారు. రూతు హాస్టల్లో ఉండేది. పొడుగ్గా, నెమ్మదిగా, ఎవరేం అడిగినా ఒక క్షణం ఆగి జవాబు చెప్పే పిల్ల. నేను ఆ క్షణం ఆగలేక ఆమె జవాబులు కూడా నేనే చెప్పేసేదాన్ని. ఆ ఏడు మా జువాలజీ లెక్చరరు ఇద్దరిద్దరికి కలిపి ఒక్కో పని ఇచ్చారు. మాకు వచ్చింది, మగ సీతాకోకచిలుక ఆడదాన్ని ఎలా గుర్తుపడుతుందో గమనించడం. నేను నవ్వాపుకోలేకపోయాను. రూతు మాత్రం తిన్నగా, "కాగితాలతో చెయ్యొచ్చా సార్?" అని అడిగింది.

మా తోట కంచె పొడుగునా తంగేడు పొదలుండేవి. పక్కనే మోటారు నీళ్లు పారే కాలవ, దాని గట్టున ఎండాకాలంలోనూ పచ్చటి గడ్డి. పసుపు సీతాకోకచిలుకలకి అదే ఊరు. రంగు కాగితాలు రెక్కల్లా కత్తిరించి, చీపురు పుల్లలకి అంటించి, గట్టు మీద వరసగా గుచ్చేవాళ్లం. ఆకుపచ్చ కాగితం దగ్గరికి ఏదీ వచ్చేది కాదు. ఎర్రదాన్ని పట్టించుకునేవి కావు. పసుపుదాని దగ్గరికి మాత్రం ఎగిరే మగవి దారి మళ్లించుకుని మరీ వచ్చేవి. కదలకుండా ఉన్నదాని కంటే కదిలేదంటే ఇంకా ఇష్టం. అందుకని రూతు తన తలవెంట్రుక ఒకటి పీకి, పుల్లకి ముడివేసి, దాని చివర కాగితపు రెక్కలు వేలాడదీసింది. చిన్న గాలికే అవి అల్లాడేవి. ఇక చూడాలి వాటి ఆత్రం! ఒకటి తిరుగుతుంటే ఇంకోటి వచ్చి దాన్ని తరిమేది. మన కంటికి ఆడా మగా రెండూ ఒకే పసుపు. కానీ మనకి కనిపించని వెలుగు ఒకటి వాటికి కనిపిస్తుందని, మగదాని రెక్క ఆ వెలుగులో మెరుస్తుందని, ఆడదాని రెక్క మెరవదని, ఆ తేడాతోనే దూరం నుంచి పోల్చుకుంటాయని మా లెక్చరరు చెప్పారు. దగ్గరికొచ్చి తాకాక, వాసన తగిలాక కదా అసలు సంగతి తేలేది. కాగితానికి వాసన లేదు. వచ్చినవి వచ్చినట్టే పోయేవి. ఎన్నిసార్లు మోసపోయినా మళ్లీ పసుపు కనిపిస్తే మళ్లీ వచ్చేవి.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మామిడి వ్యాపారం చేసే మా చుట్టాల్లో పెళ్లిచూపులకి ముందు ఇంకో చూపు ఉండేది. మగపెళ్లివారు 'తోట చూడటానికి' వచ్చేవారు. పిల్ల ఆ సమయానికి ఏదో పని మీద వచ్చినట్టు తోటలో ఉండేది. వాళ్లు కాపు గురించి మాట్లాడుతూ పిల్లని చూసుకుని వెళ్లిపోయేవారు. నచ్చకపోతే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, తోట చూశారు, వెళ్లారు. పిల్ల కూడా చిన్నబుచ్చుకోదు, ఎందుకంటే పిల్లకి చెప్పనే చెప్పరు. అందుకే వచ్చినవాళ్లు పిల్ల పేరు అడగకూడదు. పేరు అడిగితే చూపులకి వచ్చినట్టు బయటపడిపోయినట్టే. పోల్చుకోవడానికి ముందుగా ఒక గుర్తు కబురు చేసేవారు, ఫలానా రంగు ఓణీ అని.

ఆ రోజు పొద్దున్నే అమ్మ కొత్త పసుపు ఓణీ తీసి మంచం మీద పెట్టింది. తోటకి కొత్త ఓణీ ఎందుకని నేను, వేసుకోమన్నది వేసుకోమని అమ్మ. వేసుకుని వెళ్లాను. కాలవ గట్టు ఎక్కానో లేదో, పుల్లల మీద వాలాల్సినవన్నీ నా పైట చుట్టూ చేరాయి. రూతు పొట్ట పట్టుకుని నవ్వింది.

"మగవాళ్లంతా నీ వెంటే పడ్డారే పద్మా! ఇక నా కాగితాలనెవరు చూస్తారు?"

"నవ్వింది చాలు. ఇవాళ నేను గమనించకపోతే సారు ఊరుకోరు. ఏం చెయ్యమంటావు?"

"ఓణీ ఇటివ్వు. నా కాలికి ముల్లు గుచ్చుకుంది, ఎలాగూ గట్టు మీద గొంతుకూర్చోలేను. నేను మోటారు షెడ్డు దగ్గర కూర్చుంటాలే."

అలా పసుపు ఓణీ ఆమె భుజం మీదికి, వెలిసిపోయిన ఆమె బూడిదరంగు ఓణీ నా భుజం మీదికి మారాయి. నేను ఎండకి తల మీదుగా కప్పుకుని, రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను. కాసేపటికి జీపు ఆగిన చప్పుడు. నాన్న వాళ్లకి ఎదురురావలసింది, కానీ కాయల లారీ హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగిపోయిందని కబురొస్తే అటు వెళ్లాడు. కావలివాళ్లు కోత దగ్గరున్నారు. ఒక పెద్దావిడ, ఒక మావయ్య లాంటి మనిషి, ఒక కుర్రాడు నా వెనకనుంచి గట్టు వెంబడి నడిచారు. "ఎవరే ఆ పిల్ల?" అని మగగొంతు. "ఎవరో పనిపిల్లలే, పదండి" అని ఆవిడ. పుల్ల మీద ఒక మగది అప్పుడే వాలుతోంది, నేను తల తిప్పలేదు. తోట చూడటానికొచ్చిన వాళ్లనుకున్నాను. నిజంగానే తోట చూడటానికి.

షెడ్డు దగ్గర రూతు లేచి వాళ్లకి కుండలో మంచినీళ్లు ముంచి ఇచ్చింది. చెంబుతో మళ్లీ తెచ్చి ఆవిడ చేతులు కడుక్కోవడానికి పోసింది. ఏం చదువుతున్నావమ్మా అంటే బి.ఎస్సీ అండీ అంది. వంటొచ్చా అంటే కొంచెం వచ్చండీ అంది. ఎవరైనా పెద్దవాళ్లు అడిగితే అలాగే చెప్పే పిల్ల. కుర్రాడు గట్టు మీది పుల్లలు చూపించి అవేంటని అడిగాడు. ఆమె ఒక క్షణం ఆగి, కాగితాల సంగతి మొత్తం చెప్పింది. ఎగిరే మగది వచ్చి మోసపోయి వెళ్తుందంటే, "పాపం, ఎవరైనా చెప్పొచ్చుగా దానికి" అన్నాడట. ఆమె నవ్విందట. ఇవన్నీ ఆమె నాకు ఆ సాయంత్రమే చెప్పింది, ఎవరో మంచివాళ్లు వచ్చారని. ఓణీలు మార్చుకుని ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

తర్వాత కొన్నాళ్లకి మధ్యవర్తి వచ్చి, పిల్ల నచ్చిందన్నాడు. మామూలుగా నచ్చడం కాదు. ఆ నెమ్మది, ఆ గొంతు, ఆ చెంబుతో నీళ్లు పోసిన తీరు, కుర్రాడి తల్లి నోటినిండా అదే మాటట. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. ఆ రోజు వాళ్లు తోటకి వచ్చింది నన్ను చూడటానికేనని నాకు అప్పుడు చెప్పారు. నెమ్మది అన్న మాట వినగానే నాకు అర్థమైపోయింది. నన్ను నెమ్మది అన్నవాళ్లు ఈ భూమ్మీద లేరు. ముందు పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక మండింది. నాకు పెళ్లి వద్దు, నిజంగానే వద్దు. వైజాగ్ వెళ్లి ఎమ్మెస్సీ చదవాలని ఉండేది. అయినా నా పక్కనుంచి నడిచి వెళ్తూ నన్ను చూడకుండా పోయినందుకు ఒళ్లు మండింది. పెరట్లోకి, వీధిలోకి, మళ్లీ పెరట్లోకి తిరిగాను. నాయనమ్మ కాయలు వాసన చూస్తూ, "కూర్చోవే, కళ్లు తిరుగుతున్నాయి నాకు" అంది.

మర్నాడు కాలేజీలో రూతుకి చెప్పాను. నాలాగే ఆమె కూడా నవ్వింది, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. తర్వాత పైట చెంగు వేలికి చుట్టుకుంది.

"నేను నచ్చానా?" అంది.

"నచ్చడమేంటి, వాళ్లమ్మ నిన్ను నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది."

"అతను?"

"అతనికీ నచ్చావట."

నేను వెర్రిదాన్ని కాను, ఆ మొహం చూశాను. ఎవరో తనని చూసి, విని, కావాలనుకున్నారు. ఆమె కోరిందేమీ లేదు, ఎదురుచూసిందేమీ లేదు. కానీ ఆ మాట చెవిన పడ్డాక పడనట్టు ఉండటం ఎవరి వల్ల అవుతుంది? ఆ వారమంతా రూతు జడలో పువ్వు పెట్టుకుంది. అది నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

ఇంట్లో జరిగింది చెప్పేశాను. నాన్న వక్కపొడి నమలడం ఆపి, "ఎవరితోనూ అనొద్దు" అన్నాడు. అసలు పెళ్లిచూపులకి ఎలాగూ వస్తారు, నన్ను చూస్తారు, ఇంతదూరం వచ్చాక కాదనరు. ఆయన లెక్క అది. నాయనమ్మ మాత్రం, "వాళ్లకి కళ్లు లేవట్రా?" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

వాళ్లు వచ్చారు. ముందుగదిలో గడ్డి ఒక పక్కకి నెట్టి చాప వేశారు. అదే పసుపు ఓణీ నాకు మళ్లీ వేశారు. నేను తల వంచి కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసింది, పసుపు ఓణీని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"అమ్మాయి తోటలో ఇంకాస్త పొడుగనిపించిందండీ" అంది.

"చెట్ల మధ్య అలాగే అనిపిస్తుందండీ" అన్నాడు నాన్న.

అప్పుడా కుర్రాడు, "మాకు మంచినీళ్లిచ్చింది ఈవిడ కాదండీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ అమ్మాయెవరండీ?"

నాన్న నేల చూపులు చూశాడు. నాయనమ్మే గడ్డి పక్కనుంచి చెప్పింది. "మా పద్మ స్నేహితురాలు బాబూ. మాస్టారుగారి అమ్మాయి. రూతు."

"రూతా?" అంది ఆవిడ.

అంతే. ఇంకెవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. అన్నాళ్లుగా పొగిడిన నెమ్మది, గొంతు, నీళ్లు పోసిన చెయ్యి, అన్నీ ఆ ఒక్క పేరుతో లేచిపోయాయి. "అదీ సంగతి. నాకప్పుడే ఏదో తేడాగా అనిపించింది సుమండీ" అని ఆవిడ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. కుర్రాడు నోరు తెరిచాడు. తల్లి వైపు చూశాడు. మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోటిని నేను ఈరోజుకీ క్షమించలేదు. వాళ్లతో వచ్చిన మావయ్య సర్దుబాటుగా, "పోనీలెండి, ఈ అమ్మాయీ బాగానే ఉందిగా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ రోజు మీరు నన్నూ చూశారండీ. కాలవ గట్టు మీద కూర్చున్నాను. పనిపిల్లన్నారు" అన్నాను. లోపలికి వెళ్లిపోయాను. వెనక్కి తిరగలేదు. జీపు వెళ్లిపోయాక అమ్మ ఏడ్చింది. నాన్న నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నాయనమ్మ, "అంత మొహం మీద అనాలిటే?" అంటూ తన గంపలోంచి ఏరి ఏరి ఒక చిన్నరసం పండు తీసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత సంబంధాలు రావడం కొంత మందగించింది. ఆ సందులోంచే నేను వైజాగ్ వెళ్లాను.

రూతుకి జరిగింది జరిగినట్టు చెప్పాను. గట్టు మీద పుల్లలు పీకేస్తున్నాం, పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఎండకి కాగితాలు తెల్లబడి పెళుసుబారాయి. "అతనేమన్నాడు?" అంది. ఏమీ అనలేదన్నాను. ఆమె అలవాటుగా ఒక క్షణం ఆగింది. ఆ రోజు ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది, నేను కూడా దాన్ని పూరించలేదు. చివరికి చేతిలోని కాగితం చూసి, "దీని పనే నయం. వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు" అంది. పుల్లలన్నీ కట్టగట్టి కాలవలో పడేసింది. జడలో పువ్వు లేదు. ఇన్నేళ్లలో మళ్లీ ఆ సంగతి మా మధ్య రాలేదు. ఆమెకి పెళ్లయింది, మంచి మనిషి. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరై ఏలూరులో ఉంటోంది.

ఇప్పుడు బజార్లో కాయలు నిగనిగలాడే పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు, మందు పెట్టి మాగేసినవి. నాయనమ్మ ఉంటే గంప గంపా తిరగేసేది. మా తమ్ముడి కొడుకు పెళ్లికూతుళ్లని ఫోనులో చూస్తున్నాడు, వేలితో ఒకదాని తర్వాత ఒకటి పక్కకి తోసేస్తూ. ఎంత సుఖం, తోటలకి పోనక్కర్లేదు, ఎండలో తిరగనక్కర్లేదు అన్నాను. "ముందు కులం, మతం నింపితేనే అత్తా ఫొటోలు కనిపించేది" అన్నాడు. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. మా కాలం గొప్పదని నేను చెప్పను, ఆ ముందుగదిలో కూర్చున్నదాన్ని. కానీ అప్పుడు కన్ను కాస్త ముందు వెళ్లేది. ఎవరూ ఆపకముందే ఒక మనిషి ఇంకో మనిషి దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి, పుల్లల గురించి అడిగేంత సందు ఉండేది. ఇప్పుడా సందు కూడా మూసేశారు.

ఆ రోజు ప్లాట్ల దగ్గర కారులో కూర్చున్నా మనసు ఆగక రూతుకి ఫోను చేశాను. తోట పోయిందని, రాళ్లకి పసుపు పూశారని, ఒక మగది రాయి చుట్టూ తిరుగుతోందని చెప్పాను. "రాయి చుట్టూనా!" అని నవ్వింది. నవ్వు తగ్గాక ఎప్పటిలాగే ఆగింది. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"పద్మా, అతని పేరేంటే?" అంది.

ఎవరి పేరని నేను అడగలేదు.

"శ్రీహరి" అన్నాను.

"శ్రీహరి" అంది ఆమె, ఒక్కసారి, మెల్లగా. తర్వాత, "ఎండలో తిరగకు. ఇంటికెళ్లు" అని ఫోను పెట్టేసింది.